ఆడపిల్లల బెంచీ

మా గోదావరి జిల్లాల హైస్కూళ్లలో మగపిల్లలకి వేసే శిక్షలు చాలానే ఉండేవి. బెత్తం దెబ్బలు, గుంజీళ్లు, గోడకుర్చీ, ఎండలో మోకాళ్ల మీద నిలబడటం, వేళ్ల మధ్య పెన్సిలు పెట్టి నొక్కడం. ఇవన్నీ కుర్రాళ్లు ఓర్చుకునేవారు. కొందరైతే దెబ్బ తిన్న అరచెయ్యి నిక్కరుకి రాసుకుని, పక్కవాడికి కన్నుగీటి మరీ కూర్చునేవారు. ఎంతటి మొండివాడి చేతనైనా కన్నీళ్లు పెట్టించే శిక్ష ఒక్కటే ఉండేది: "వెళ్లి ఆడపిల్లల బెంచీలో కూర్చో!"

నేను ఆ బెంచీ మీద కూర్చుని చదువుకున్నదాన్ని. ఆ తర్వాత తెలుగు పండిట్‌నై కోనసీమలోనూ, పాలకొల్లు వైపూ జిల్లా పరిషత్ హైస్కూళ్లలో చేసి రిటైరయ్యాను. ఆడా మగా తేడాలు ఇంట్లోనే నేర్పేస్తారని అందరూ అంటారు. నిజమే కావచ్చు. కానీ ఇంట్లో నేర్పినదాన్ని రిజిస్టర్లో ఎక్కించి, గంట కొట్టి, ప్రైజులిచ్చి ఖాయం చేసింది మాత్రం హైస్కూలే. ఆ ఆనవాయితీల్లో కొన్ని వీధిబడి నుంచి వచ్చాయి, కొన్ని దొరల దగ్గర్నుంచి వచ్చాయి, కొన్ని మన సంస్కర్తల చలవే.

ముందు వీధిబడి. అయ్యవారు అరుగు మీద, పిల్లలు ఇసకలో. కోదండం అని ఒక శిక్ష ఉండేది. దూలానికి కట్టిన తాడు పట్టుకుని, కాళ్లు నేలకానకుండా కుర్రాడు వేలాడాలి. కిందికి దిగాక వాడికి తోటివాళ్లలో గౌరవం పెరిగేది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గణపతి' చదివినవాళ్లకి ఆ బళ్ల తీరు నేను చెప్పక్కర్లేదు. ఆ అరుగు మీద ఆడపిల్ల కనపడదు. చదువూ సంగీతమూ నేర్చేది దేవదాసీల ఇళ్లలో ఆడపిల్లలు కాబట్టి, చదవడం వచ్చిన ఆడదంటే మర్యాదస్తుల ఇళ్లలో మొహం చిట్లించేవారు.

దసరా వచ్చిందంటే ఆ బడే వీధిలోకి వచ్చేది. కొత్త బట్టలు, రంగుకాగితాలు చుట్టిన వెదురు విల్లంబులు. అయ్యవారి వెనక కుర్రాళ్లు వరసగా ఇంటింటికీ వెళ్లి పద్యాలు పాడేవారు. అయ్యవారికి సంభావన, పిల్లలకి పప్పుబెల్లాలు. అమలాపురంలో దసరా అంటే మరీను, చెడీ తాలింఖానా పేరుతో కత్తులూ కర్రలూ తిప్పుకుంటూ వీధులన్నీ తిరుగుతారు. చంకలో పిల్లాణ్ణి ఎత్తుకుని చూపించే తల్లులు "నువ్వూ నేర్చుకోవాలి" అని వాడి చెవిలో చెప్పడం నేను విన్నాను.

విజయదశమి వెళ్లిన ఎనిమిదో రోజుకి అట్లతద్ది. ఆశ్వయుజ బహుళ తదియ. తెల్లారకముందే లేచి, పెరుగన్నం తిని, ఆడపిల్లలు భయం లేకుండా వీధిలో గోల చేసే రోజు ఏడాదికి అదొక్కటే. చెట్టుకి ఉయ్యాల, చేతులకి గోరింటాకు, రాత్రికి చంద్రుణ్ణి చూసి అట్ల వాయనం. ఇదంతా మంచి మొగుడు రావాలని. కుర్రాడి పండక్కి వెనక బడి ఉంది. ఆడపిల్ల పండక్కి వెనక మొగుడున్నాడు, అదీ ఇంకా రాని మొగుడు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవలొచ్చాయి, వరి పండింది, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. సరిగ్గా ఆ దశకంలోనే సబ్ కలెక్టర్ జి.ఎన్. టేలర్ నర్సాపురంలో బడి పెట్టించాడు. దాన్ని చూసి చుట్టుపక్కల పల్లెల రైతులు మా ఊరికీ బడి కావాలి, కావాలంటే శిస్తుతో పాటు పైన కొంత ఇచ్చుకుంటాం అని ముందుకొచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీలో అప్పటికది కొత్త విషయం. మా జిల్లా వాళ్లం ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని మీసం మెలేస్తాం. ఆ రైతులు అడిగిన బడి కొడుకుల కోసం అన్నది మాత్రం చెప్పుకోం. కచేరీలో గుమాస్తా ఉద్యోగం ఇంగ్లీషు వచ్చిన మగాడికిస్తారు గానీ కూతురికి ఇవ్వరు కదా. హైస్కూలు పుట్టుకలోనే ఆ లెక్క ఉంది.

1874లో కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టారు. ఆయన మీద ఈగ వాలనివ్వని దాన్ని నేను. అయినా ఒక మాట అనక తప్పదు. ఆయన 1883లో మొదలెట్టిన ఆడవాళ్ల పత్రిక పేరు 'సతీహితబోధిని'. ఆ పేరులోనే ఉద్దేశం ఉంది: చదువుకున్న మొగుడికి తగ్గ భార్యగా తయారుకావడం. మగపిల్లాడి చదువు లోకం కోసం, ఆడపిల్ల చదువు వాడి కోసం. అదే వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరంతా ఎదురుతిరిగితే అండగా నిలబడ్డది ఆయన దగ్గర చదువుకున్న కుర్రాళ్లు. ఎవరి మీదా చెయ్యి చేసుకోకుండా, ఒక ఆడపిల్ల పెళ్లికి కాపు కాయడం కూడా మగతనమే అని ఆ రోజు రాజమండ్రి చూసింది. ఆ ముచ్చట ఏ స్కూలూ ఆనవాయితీ చేసుకోలేదు.

కాకినాడ పిఠాపురం రాజా కాలేజీలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారిది ఇంకో దారి. 1904 నుంచి పదిహేనేళ్లు ప్రిన్సిపాలు. తెల్లబట్టలు, బ్రహ్మచర్యం, శీలం. పెళ్లిళ్లలో భోగం మేళాలు పెట్టించడం మగాడి హోదా అనుకునే కాలంలో, అలాంటి చోటికి వెళ్లనివాడే మగాడని కుర్రాళ్లకి నూరిపోశారు. ఆడపిల్లల్నీ, దళిత విద్యార్థుల్నీ కాలేజీలో చేర్చుకున్నారు. ఆ బోధలో నాకు నచ్చనిది ఒకటుంది. మగాడి నిగ్రహానికి పరీక్ష పెట్టేది ఎప్పుడూ ఆడదే. ఆమె దూరంగా ఉంటేనే వాడి శీలం భద్రం. క్లాసులో ఆడపిల్లలకి వేరే వరస, వేరే గుమ్మం, మాస్టారు లోపలికి వచ్చేదాకా వరండాలో నిలబడి ఆయన వెనకే రావడం, ఇలాంటివన్నీ నైతికత పేరు మీదే స్థిరపడ్డాయి. కుర్రాడి చూపుకి దోషం ఉంటే ఆడపిల్లని పక్కకి జరిపారు.

ఆ కాకినాడలోనే ఇంకో ఆడపిల్ల. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. తెలుగు తీసేసి ఇంగ్లీషులో చెబుతామన్నారని పన్నెండేళ్లకే బడి మానేసి, తనే ఆడపిల్లలకి హిందీ బడి పెట్టింది. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా ఉండి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారిని ఆపేసింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి ఈ కథ పాఠ్యపుస్తకాల్లో చదివించేవాళ్లం. హైస్కూల్లో ఉండిపోయి ఉంటే ఆ పిల్ల గేటు దగ్గర కాదు, ప్రార్థన గీతం దగ్గర ఉండేది. మా స్కూళ్లలో ప్రార్థన పాడేది ఆడపిల్లలు, "అటెన్షన్" చెప్పేది మగపిల్లాడు. స్కూల్ లీడరు మగపిల్లాడు, సహాయకురాలు ఆడపిల్ల. ఈ ఏర్పాటు ఏ జీవోలోనూ లేదు, ఎవరూ తప్పించలేదు.

డ్రిల్లు దొరల దగ్గర్నుంచే వచ్చింది. 1920లో హ్యారీ బక్ మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల పెట్టాక, అక్కడ తర్ఫీదు పొందినవాళ్లు విజిలు మెడలో వేసుకుని ప్రెసిడెన్సీ అంతటా పాకారు. కుర్రాళ్ల మనసుల్లో మాత్రం అంతకుముందే కలియుగ భీముడు కోడి రామ్మూర్తి ఉన్నాడు, గుండె మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి. ఆయన్ని తలుచుకుంటూ దండీలు తీశారు, చెడుగుడు ఆడారు. మాకు రింగు ఇచ్చారు, టెన్నీకాయిట్. ఆగస్టు పదిహేనుకి మగపిల్లలకి పరుగు, లాంగ్‌జంపు, షాట్‌పుట్. ఆడపిల్లలకి ముగ్గుల పోటీ, చెంచాలో నిమ్మకాయ, సూదిలో దారం ఎక్కించడం. ప్రైజుగా నాకు స్టీలు గిన్నె వచ్చింది. మా అమ్మ దాన్ని నా పెళ్లి సామానులో వేసింది.

ఇక నాటకాలు. ఈ విషయంలో మా జిల్లాల వాళ్లకి కాస్త ఎక్కువ చెప్పుకునే హక్కుంది.

ఒంగోలు మాస్టారు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారు రాజమండ్రి వస్తూ తన శిష్యుణ్ణి వెంటబెట్టుకొచ్చారు. ఆ కుర్రాడు టంగుటూరి ప్రకాశం. గురువుకీ శిష్యుడికీ నాటకాల పిచ్చి. చిలకమర్తి వారు వాళ్ల కోసం నాటకాలు రాసిచ్చారు. 'గయోపాఖ్యానం'లో ప్రకాశం గారు అర్జునుడు. ఆడవేషాలు కూడా కట్టినవాడే. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకి ఎదురుగా రొమ్ము విరుచుకు నిలబడ్డ ఆంధ్రకేసరి, కుర్రతనంలో చీర కట్టుకుని వేదిక ఎక్కాడు. ఆ చీర వల్ల ఆయన మగతనానికి వచ్చిన లోటేమీ లేదు. తర్వాతి తరంలో రేలంగి వెంకట్రామయ్య గారు కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో ఆడవేషాలతోనే పేరు తెచ్చుకున్నారు.

మత్స్యపురిలో పుట్టిన కాళ్లకూరి నారాయణరావు గారి 'వరవిక్రయం' కట్నాల మీద ఎక్కుపెట్టిన నాటకం. కట్నానికి అమ్ముడుపోయిన మొగుడు వద్దని ప్రాణం తీసుకునే కాళింది, వాణ్ణి కొనుక్కున్న సరుకుగానే చూసి బుద్ధి చెప్పే చెల్లెలు కమల. 1939లో దీన్ని సినిమా తీస్తే కాళిందిగా వేసింది భానుమతి. సినిమాలో ఆడపిల్ల వేషం ఆడపిల్ల వేసి ముప్ఫై అయిదేళ్లు దాటినా, మా హైస్కూలు వార్షికోత్సవంలో కాళింది మగపిల్లాడే. తొమ్మిదో తరగతి కుర్రాడు, సన్నగా, పచ్చగా ఉండేవాడు. మాస్టారింట్లోంచి పట్టుచీర, ఎవరో అత్తగారి సవరం, మోచేతుల దాకా గాజులు.

రిహార్సళ్లు మా క్లాసు గదిలోనే జరిగేవి, మేం కిటికీలోంచి చూసేవాళ్లం. డైరెక్టు చేసే మాస్టారు వాడికి నేర్పించిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "అంత అంగలెయ్యకూడదురా. చిన్నగా నడు. తల దించు. మాట్లాడేటప్పుడు కళ్లెత్తి చూడకు, పైట చెంగు పట్టుకో. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకో." వాడు తప్పు చేసినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి. మాలో ఎవరికీ ఇంట్లో అంత వివరంగా చెప్పలేదు. ఆడపిల్ల ఎలా నడవాలో మేం ఒక మగ మాస్టారు ఒక మగపిల్లాడికి నేర్పుతుంటే నేర్చుకున్నాం. కిటికీ దగ్గర నా పక్కన నిలబడ్డ పిల్ల అప్రయత్నంగా పైట సర్దుకుంది.

నాటకం రోజున ఊరు ఊరంతా కళ్లొత్తుకుంది. వాడికి రైసుమిల్లు ఆసామి అయిదు రూపాయల కాగితం పిన్నుతో గుచ్చాడు. మర్నాడు పొద్దున్న గేటు దగ్గరే "కాళిందీ!" అని పిలుపు. ఆ పేరు పదో తరగతి దాకా వదల్లేదు. దాన్ని వదిలించుకోవడానికి వాడు ఎంతమందితో కలబడ్డాడో, ఎన్నిసార్లు చొక్కా చింపుకున్నాడో! వేషం కట్టడం విద్య, మగవాడి గొప్ప. వేషం తీసేశాక కూడా ఆడదానిలా ఉన్నాడంటే పరువు తక్కువ. కట్నం తప్పని ఏడిపించిన ఆ నాటక బృందంలో తర్వాత ఎంతమంది కట్నం లేకుండా చేసుకున్నారంటారా? ఆ లెక్క అడక్కండి.

ఇప్పుడు బెంచీ దగ్గరికి. ఎనిమిదో తరగతిలో లెక్కల హోంవర్కు చెయ్యని ఒకణ్ణి మా వరసలోకి పంపారు. వాడు నా పక్కన కూర్చున్నాడు, కూర్చున్నాడంటే బెంచీ చివర ఒక తొడ మాత్రం ఆనించాడు. మధ్యలో నేను నా పుస్తకాల సంచీ పెట్టాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి. మగపిల్లల వైపు నుంచి కిచకిచలు. పీరియడ్ సగంలో వాడు డెస్కు మీద తల పెట్టి ఏడ్చేశాడు. మా లెక్కల మాస్టారు బెత్తంతో కొడితే ఏనాడూ ఏడవనివాడు. మేమంతా తలలు దించుకుని కూర్చున్నాం, ఎందుకంటే సిగ్గు మాకూ అంటుకుంది. మా పక్కన కూర్చోవడమే అంతటి శిక్షయితే, ఎప్పుడూ ఇక్కడే కూర్చునే మేం ఏం నేరం చేసినట్టు? ఈ ప్రశ్న అప్పుడు నాకు మాటల్లో రాలేదు, కడుపులో తిప్పినట్టుంది అంతే. కొందరు మాస్టార్లది ఇంకో పద్ధతి. జవాబు చెప్పిన పిల్ల చేత చెప్పలేని మగపిల్లలందరికీ మొట్టికాయలు వేయించడం. తెలివైన పిల్లకి అది బహుమతి అనుకునేవారు. సాయంత్రం కాలవగట్టు మీద ఇంటికి వెళ్లేటప్పుడు మగపిల్లలు ఆ మొట్టికాయలకి బదులు తీర్చుకునేవారని ఆ మాస్టార్లకేం తెలుసు!

లేసు సంగతి చెప్పకపోతే నర్సాపురం వాళ్లు ఊరుకోరు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ఇళ్ల ఆడవాళ్లు మా డెల్టా ఆడపిల్లలకి క్రోషియా అల్లిక నేర్పారు, మిషన్ బళ్లలో అదొక పాఠం. అక్కణ్ణుంచి అరుగుల మీదికి పాకింది. నర్సాపురం, పాలకొల్లు చుట్టూ ఊళ్లలో మధ్యాహ్నం పూట ఏ గుమ్మంలో చూసినా వేళ్ల మధ్య దారం, చేతిలో సూది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇక్కడికొచ్చి, నర్సాపురం లేసు అల్లేవాళ్ల మీద 1982లో పుస్తకం రాసింది. ఆమె చూసిందేమిటంటే, విదేశాలకి వెళ్లే ఆ సరుకుని అల్లేది ఆడవాళ్లు, వ్యాపారం చేసేది మగవాళ్లు. అల్లేవాళ్లకి దక్కేది నామమాత్రం, పైగా వాళ్ల గురించి ఎవరడిగినా "ఇంట్లో ఊరికే కూర్చుంటారు" అనే సమాధానం. ఆ సమాధానం పుట్టింది మా క్రాఫ్ట్ పీరియడ్‌లోనే అని నాకనిపిస్తుంది. మగపిల్లలు బాదం చెట్టు కింద వాలీబాలు నెట్టు కడుతుంటే, మేం గదిలో కూర్చుని అంచులు అల్లేవాళ్లం. ఎగ్జిబిషన్లో పెట్టి అమ్మిన మా టేబుల్‌క్లాతుల డబ్బుతో స్కూలుకి ఫుట్‌బాల్ కొన్నారు.

ఇంకొకటి. మగపిల్లాడికి పంచెల ఫంక్షను చేస్తే శుభలేఖ అచ్చేయించి మాస్టార్లందరికీ ఇచ్చేవారు, ఆ రోజు వాడికి సెలవు కూడా అక్కర్లేదు. నిక్కరు పోయి ప్యాంటు వచ్చిన రోజు క్లాసంతా చూసేలా రెండుసార్లు బోర్డు దగ్గరికి వెళ్లేవాడు. ఆడపిల్ల సమర్తాడితే నాన్న చేత లీవ్‌లెటర్ వచ్చేది, "జ్వరము వలన" అని. అప్పటికే చిమ్మిలి ఊరంతా పంచేశారు, మాస్టారి ఇంటికీ వచ్చింది. ఆయన చిమ్మిలి తిన్న నోటితోనే జ్వరం అని రిజిస్టర్లో రాసుకునేవారు. ఆ పిల్ల ఓణీతో తిరిగి వచ్చేసరికి తొక్కుడుబిళ్ల ఆటలో ఆమె గళ్లు ఇంకొకళ్లవి అయిపోయేవి. మా రిజిస్టర్లలో మగపిల్లల పేర్లు ముందు నల్ల సిరాతోనూ, అవి అయ్యాక ఆడపిల్లల పేర్లు ఎర్ర సిరాతోనూ రాసేవారు. పండిట్‌గా చేరాక నేనూ అలాంటి రిజిస్టర్లలోనే సున్నాలు చుట్టాను.

ఓణీలు పోయి చుడీదార్ యూనిఫాం వచ్చింది. కబడ్డీలో ఆడపిల్లల జట్లు వచ్చాయి. నాటకాలు పోయి సినిమా పాటల డాన్సులొచ్చాయి, అందులో ఆడవేషం కట్టే కుర్రాడు ఇప్పుడు ఏడిపించడానికి కాదు, నవ్వించడానికి. ఇది మెరుగు అని నేననను. ప్రకాశం గారి కాలంలో చీర కట్టినవాణ్ణి చూసి జనం కళ్లొత్తుకున్నారు, ఈ కాలంలో ఈలలేస్తున్నారు.

నేను రిటైరయ్యే ముందు, 2017 ప్రాంతంలో, 'బడికొస్తా' పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లిచ్చారు. మా రోజుల్లో కాలవగట్టు మీద ఆడపిల్ల సైకిలు తొక్కితే ఊరంతా చెప్పుకునేవారు. ఈ పిల్లలు పొద్దున్నే బెల్లులు కొట్టుకుంటూ గుంపులుగా వచ్చేవారు. మగపిల్లలు మొదట్లో గేటు దగ్గర నిలబడి వెక్కిరించారు, మధ్యలో కడ్డీ లేని ఆడ సైకిలని. నెల తిరక్కుండానే పదో తరగతి వాడొకడు చెల్లెలి సైకిలెక్కి ట్యూషన్ నుంచి వస్తూ నాకెదురయ్యాడు.

"ఏరా, ఆడ సైకిలు తొక్కుతున్నావు?" అన్నాను.

"ఆయ్, ఇది బాగుంటదండి టీచర్ గారూ. మా చెల్లి రోజూ తుడిసి, గాలి కొట్టించి ఉంచుద్దండి."

"మరి చెల్లెలేదీ?"

"నడిసెల్లిందండి."

మర్నాడు ఆ పిల్లని పిలిచి అడుగుదామనుకున్నాను. అవసరం లేకపోయింది. స్టాండులో దాని సైకిలుకి గొలుసు వేసి తాళం ఉంది, తాళంచెవి జామెట్రీ బాక్సులో పెట్టుకుందట.